గాలి గుంజుతోంది

పాత మోటార్ సైకిల్ కొన్నవాళ్లు ముందు రంగు గురించి మాట్లాడతారు. ట్యాంకు మీది గీతలు అసలైనవేనా, క్రోమ్ పూత ఎక్కడ వేయించాలి, స్పీడోమీటర్ ముల్లు ఎవరు బాగు చేస్తారు అని. కార్బొరేటర్ దాకా వస్తే, అందులోని ఇత్తడి జెట్లను తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి ఫొటో తీసుకుంటారు. దానికి ముందూ వెనకా ఉండే నల్లటి రబ్బరు ముక్కల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నన్నడిగితే నలభై ఏళ్ల బండి రోడ్డెక్కుతుందా, వరండాలో నిలబెట్టి తుడుచుకోవడానికేనా అన్నది తేల్చేది ఆ రబ్బరే. ఇత్తడి అరిగితే అరుగుతుంది గానీ ముసలిది కాదు. రబ్బరుకి మాత్రం వాడినా వయసు మీద పడుతుంది, వాడకపోయినా పడుతుంది.

రాజ్‌దూత్ 350 సంగతే తీసుకోండి. యమహా 1973లో తెచ్చిన ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో ఆ పేరుతో మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. బుల్లెట్ 18 హార్స్ పవర్‌తో ఠీవిగా నడుస్తున్న రోజుల్లో ఇది 30.5 హార్స్ పవర్‌తో దిగింది. తర్వాత మైలేజీ కోసం 27కి తగ్గించారు. అయినా ‘ఎంతిస్తుంది?’ అని అడిగే దేశంలో ఆ ప్రశ్నకు దాని దగ్గర సమాధానం లేదు. వంద సీసీ జపాన్ బళ్లు వచ్చాక ఆ దశాబ్దం దాటకుండానే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు అదే బండి కోసం అప్పటి ధరకు ఎన్నో రెట్లు పెట్టేవాళ్లున్నారు. దాని పొగ వాసనకి కళ్లు మూసుకునేవాళ్లూ ఉన్నారు, నాతో సహా.

రెండు సిలిండర్లంటే రెండు కార్బొరేటర్లు. ఒక్కోదానికి ముందు వైపు ఒక రబ్బరు బూటు, అది రీడ్ వాల్వు మీదుగా సిలిండర్లోకి దారి. వెనక వైపు ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి వచ్చే రబ్బరు నోరు. ఈ రెంటి మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది కార్బొరేటర్. విప్పేటప్పుడు క్లాంపులు వదులు చేసి అటూ ఇటూ ఊపితే ఎలాగో ఊడి వస్తుంది. మళ్లీ ఎక్కించేటప్పుడే ఉంది తమాషా. ఫిల్టర్ డబ్బాకీ ఇంజన్‌కీ మధ్య ఉన్న చోటు కార్బొరేటర్ పొడవు కన్నా తక్కువ. రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్లూ అది వెనక్కి ముడుచుకుని చోటిస్తుంది. గట్టిపడ్డాక ఇవ్వదు.

ఎందుకు గట్టిపడుతుందంటే, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేసి రబ్బరుకి బలం తెచ్చాడు కదా. ఆ గంధకం రబ్బరు పోగుల మధ్య ముళ్లు వేస్తుంది. ఫ్యాక్టరీలో కావలసినన్ని ముళ్లు పడ్డాక పని అయిపోయిందనుకుంటాం. ఇంజన్ వేడికీ గాలిలోని ఆక్సిజన్‌కీ ఆ ముడి పడటం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. పైగా మెత్తదనం కోసం కలిపిన నూనెలు ఏళ్ల తరబడి ఆవిరైపోతాయి, పెట్రోలు తగిలితే కరిగి బయటికి పోతాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆనాటి రబ్బరు వాషర్లూ ఓరింగులూ దాన్ని ఎరిగినవి కావు.

సికింద్రాబాద్‌లో రాణిగంజ్ వెనక సందులో ఒక ఉస్తాదు ఉన్నాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చి కొత్త బళ్లలో కార్బొరేటర్లు దాదాపు కనబడకుండా పోయాక, ఆయన షాపులో పనిచేసే కుర్రాళ్లు ఫ్యూయెల్ ఇంజెక్షన్ స్కానర్ పట్టుకుని పెరిగినవాళ్లే. కార్బొరేటర్ పని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వడు. నేను ఒక బూటు పట్టుకుని బలంగా లాగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“గుంజకు సార్. గుంజితే చినుగుతది. నీళ్లు కాగనియ్.”

స్టవ్వు మీది గిన్నెలో బూట్లు వేశాడు. సలసల మరిగే నీళ్లు కాదు, వేలు పెడితే వెంటనే తీసేసేంత వేడి. కాసేపాగి పట్టకారుతో ఒకటి తీసి నొక్కి చూపించాడు. పొద్దున గోరు దిగనిది ఇప్పుడు సొట్ట పడి మళ్లీ లేచింది. లోపలి అంచుకి సబ్బు నీళ్లు రాశాడు. గ్రీజు ఎందుకు రాయకూడదని అడిగితే, ‘ఇయ్యాల జారుతది, రేపు ఇంజన్ వేడెక్కినంక కార్బొరేటరే జారుతది’ అన్నాడు. సబ్బు ఆరిపోతుంది, గ్రీజు ఆరదు. గాజులవాడు అరచేతిని నలిపి నలిపి బిగువు గాజు ఎక్కించినట్టు, ఆయన కార్బొరేటర్ మూతిని ఒక వారగా దూర్చి, మెలితిప్పుతూ తోశాడు. ముందు ఇంజన్ వైపు బూటు, తర్వాత ఫిల్టర్ వైపు. వెనక రబ్బరు పెదవి లోపలికి మడత పడితే వంచిన పాత స్పోకుతో చుట్టూ తిప్పి బయటికి లాగాడు. స్పోకు కొన గుండ్రంగా అరగదీసి ఉంది, రబ్బరు చీరకుండా. ఆ పనిముట్టు ఏ దుకాణంలోనూ అమ్మరు.

క్లాంపు బిగించే ముందు కార్బొరేటర్ నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. ఒరిగితే ఫ్లోట్ లెక్క తప్పి పెట్రోలు కారుతుంది. కార్బొరేటర్ లోపల గాలి దారిని తెరిచి మూసే స్లైడు అడుగున ఏటవాలు కోత ఉంటుంది, అది ఫిల్టర్ వైపే ఉండాలి. గాడిలో కూర్చోకుండా పైన ఆగిపోయిందా, కిక్ కొట్టగానే ఇంజన్ అరుపు లంకించుకుంటుంది. ఇంతా అయ్యాక యాక్సిలరేటర్ తిప్పితే రెండు స్లైడులూ ఒకేసారి లేవాలి. ఉస్తాదు దీన్ని చెవితోనే సరిచూస్తాడు. నాకు ఆ చెవి లేదు, అద్దం పెట్టుకుని చూస్తాను.

రబ్బరు మెత్తబడటానికి ఇంకో ఉపాయం ఉంది. పాత బళ్లవాళ్లు గంధపుర తైలం ఒక పాలు, స్పిరిట్ మూడు పాళ్లు కలిపి బూట్లను అందులో నానబెడతారు. రబ్బరు కాస్త ఉబ్బి మెత్తనవుతుంది. ఈ తైలం మనకు కొత్తదేం కాదు, అమృతాంజనం డబ్బా మీద పదార్థాల్లో దాని పేరుంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ఆ వ్యాపారం పెట్టి, దాని రాబడితో పత్రికలు నడిపారు. మోటార్ సైకిళ్లు నడపడానికీ ఆ తైలం పనికొస్తుందని ఆయనకు తెలిసి ఉండదు. నానబెట్టిన రోజు మా ఇల్లంతా మోకాళ్ల నొప్పుల వాసన. కడుపులోకి పోతే విషం, పిల్లలున్న ఇంట్లో మూతపెట్టి ఎత్తున పెట్టాలి. ఇక పగుళ్ల సంగతికొస్తే, అవి ఏ నూనెకూ పూడవు.

అసలు భయం ఆ పగుళ్లతోనే. సన్నని చీలికలోంచి ఇంజన్ దొంగతనంగా గాలి పీలుస్తుంది. ‘గాలి గుంజుతున్నది’ అంటాడు ఉస్తాదు. యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగదు. ప్లగ్గు విప్పి చూస్తే ఒకటి లేత కాఫీ రంగులో ఉంటుంది, రెండోది సున్నం తెలుపు. ఆ తెల్ల ప్లగ్గు వైపు సిలిండర్‌కి పెట్రోలు తక్కువై వేడి పెరుగుతోందన్నమాట. టూ స్ట్రోక్‌కి పెట్రోలు తిండే కాదు, చల్లదనం కూడా అదే. హైవే మీద ఆరో గేరులో పిస్టన్ పట్టేసిందంటే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది. క్లచ్ మీద ఎప్పుడూ వేళ్లుంచేది అందుకే.

అందుకే ‘ఒరిజినల్ బూట్లు, ఇంతవరకు మార్చలేదు’ అని అమ్మేవాడు గర్వంగా చెబితే నేను ధర తగ్గించి అడుగుతాను. ట్యాంకు ఒరిజినల్ అయితే విలువ. రబ్బరు ఒరిజినల్ అయితే అది బాకీ. కొత్తవి దొరుకుతున్నాయి, అయితే అన్నీ ఒకలా ఉండవు. కొన్ని పెట్టెలోంచి తీసేటప్పటికే గట్టిగా ఉంటాయి, కొన్నిటి బోల్టు రంధ్రాలు వెంట్రుకవాసి పక్కకి పడతాయి. బొటనవేలితో నొక్కి, మడిచి చూసి తీసుకోవాలి. క్లాంపులూ కొత్తవే వేయాలి. ఏళ్ల తరబడి బిగించిన పాత క్లాంపు గుండ్రదనం పోయి, ఒక పక్క నొక్కి ఇంకో పక్క వదిలేస్తుంది.

మొదటిసారి ఇంజన్ బాగా వేడెక్కి చల్లారాక రబ్బరు సర్దుకుంటుంది, క్లాంపు కాస్త వదులవుతుంది. మర్నాడు ఇంకో అర చుట్టు తిప్పాలి. డబ్బులు ముట్టినా ఉస్తాదు ఆ అర చుట్టు పడేదాకా బండి ఇవ్వడు. “ఆగమాగం జేయకు సార్, రేపు రా” అంటాడు.