తప్పు కిట్టుదేనా?

పెట్రోలు అంబాసిడర్ నడిపినవాళ్లకు పాయింట్ల సంగతి చెప్పక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కింద రెండు చిన్న లోహపు బిళ్లలు తాకుతూ, విడిపోతూ ఉంటేనే బండి నడుస్తుంది. అవి విడిపోయిన ప్రతిసారీ కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు కొసన నిప్పురవ్వవుతాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఆ బిళ్లలు సెకనుకి వందసార్లు విడిపోవాలి. ప్రతిసారీ ఇంత కాలుతాయి. గ్యాపు మారుతుంది, టైమింగ్ తప్పుతుంది, ఒక తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే బండి లేవదు.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ పద్ధతి 1910లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. దశాబ్దాల పాటు ప్రపంచంలోని పెట్రోలు కార్లన్నీ దాదాపు దాని మీదే నడిచాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో పాటు అది బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి మన ఇళ్ల ముందుకీ చేరింది. ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. బండ్లు ఆగలేదు. వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లలో చాలామంది ఇప్పుడు పాయింట్లు, కండెన్సర్ తీయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు పెట్టిస్తున్నారు. పాయింట్ల చోట ఒక చిన్న నల్ల మాడ్యూల్, రోటర్ కింద అయస్కాంతాలున్న రింగు, కాయిల్‌కి రెండు వైర్లు. అంతే. రాసుకునే భాగం లేదు కాబట్టి అరుగుదల లేదు. మా నాన్నగారి మార్క్ 4కి అది పెట్టించాక పొద్దున్నే ఒక్క సెల్ఫుకి లేచేది. మిస్సింగ్ అన్న మాటే మర్చిపోయాం.

ఆ ఎండాకాలం ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక బండి ఆగిపోయింది. దగ్గలేదు, గునియలేదు. తాళం తిప్పి కట్టేసినట్టు ఆగింది. పక్కకు తీసి, బానెట్ ఎత్తి, చెట్టు నీడన కాసేపు నిలబడి మళ్లీ సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆ తర్వాత కూడా అంతే. ఊళ్లో ఎంత తిప్పినా మాట్లాడదు, హైవే ఎక్కితే ఆగుతుంది. చూసిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "కిట్టు వేడెక్కిపోతోంది సార్. ఈ ఎండలకి అవి తట్టుకోవు. మళ్లీ పాయింట్లే వేయించుకోండి." నమ్మకుండా ఎలా ఉంటాం? చల్లారాక లేస్తోందంటే వేడే కారణమనిపిస్తుంది కదా. మాడ్యూల్ మార్చారు. కొన్నాళ్లకు మళ్లీ అదే రోడ్డు మీద అదే వరస.

చివరికి బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అంబాసిడర్ల మధ్యే తల నెరిసిన మనిషి. "కొత్తగా వచ్చిందాని మీద నింద వేయడం తేలిక బాబూ. అది కూర్చున్న చోటు ఎలా ఉందో చూడాలి కదా" అన్నాడు. ఇంజన్ని ఐడిలింగ్‌లో పెట్టాడు. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపు కార్బురేటర్ దగ్గర విప్పి, దాని కొసకి రబ్బరు గొట్టం తొడిగి నోటితో గట్టిగా పీల్చాడు. ఇంజను టక్కున ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయించి మళ్లీ పీల్చాడు. మళ్లీ ఆగింది.

"ఇప్పుడు ఎండేదీ బాబాయ్?" అన్నాను. షెడ్డులో ఫ్యాను తిరుగుతోంది.

క్యాప్ తీసి చూపించాడు. మాడ్యూల్ కూర్చునే ప్లేటుకీ డిస్ట్రిబ్యూటర్ బాడీకీ మధ్య నూలు అల్లిక చుట్టిన ఒక సన్నటి వైరు ఉంటుంది. ఆ ప్లేటుకి ఎర్త్ అదే. పైకి చూస్తే వైరు బాగానే ఉంది. మీటర్ ఒక కొస ప్లేటుకీ, రెండోది బ్యాటరీ మైనస్‌కీ పెట్టి ప్లేటుని వేలితో కదిపితే అంకె ఎగిరెగిరి పడింది. లోపలి రాగిపోగులు తెగిపోయాయి. సమవేగంలో హైవే మీద పోతున్నప్పుడు వాక్యూమ్ ఆ ప్లేటుని లాగుతుంది. లాగగానే ఎర్త్ పోతుంది, మాడ్యూల్ చచ్చిపోతుంది. బండి ఆపితే ప్లేటు వెనక్కి వస్తుంది, ఎర్త్ కలుస్తుంది. మేం నీడన నిలబడినంతసేపూ చల్లారిందేమీ లేదు. పాయింట్లున్నా ఆ వైరు తెగితే బండి ఆగేదే.

మెత్తటి సన్నపోగుల వైరు ముక్క టంకం పెట్టి వేశాడు. గట్టి వైరు వేస్తే ప్లేటు కదలదట. తర్వాత కాయిల్ ప్లస్ దగ్గర మీటర్ పెట్టాడు. బ్యాటరీలో పన్నెండున్నర వోల్టులు చూపిస్తుంటే అక్కడికి పదే వస్తున్నాయి. ముప్ఫై ఏళ్ల నాటి తాళం స్విచ్, తుప్పు పట్టిన కనెక్షన్లు మిగతాది తినేస్తున్నాయి. పాయింట్లు దాంతో సర్దుకుపోతాయి గానీ మాడ్యూల్ సర్దుకోదు. బ్యాటరీ నుంచి నేరుగా ఒక రిలే వేశాడు. పోయిందని తీసేసిన మొదటి మాడ్యూలే ఇప్పుడు బండిలో ఉంది, నిక్షేపంగా నడుస్తోంది.

కిట్లు పోవని నేననను. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి పాటలు వింటే చాలా మాడ్యూళ్లు మాడిపోతాయి. 3 ఓమ్‌ల కాయిల్ ఉండాల్సిన చోట ఒకటిన్నర ఓమ్‌ది బిగించినా అంతే. బ్యాటరీ వైర్లు తిరగేసి పెడితే క్షణం కూడా పట్టదు. నిజంగా వేడికి చచ్చే మాడ్యూళ్లూ ఉంటాయి. కానీ అవన్నీ కొలిచి తేల్చాల్సిన విషయాలు. కాయిల్ దగ్గర వోల్టులు, ప్లేటు దగ్గర ఎర్త్ చూడకుండా కిట్టు మార్చమనే మెకానిక్ మాట వినకండి.

ఇంకొకటి. కిట్టు బిగించిన రోజున పాత పాయింట్లనీ, కండెన్సర్‌నీ షెడ్డులో వదిలేసి రాకండి. అడిగి తెచ్చుకోండి. గుడ్డలో చుట్టి, ఒక స్క్రూడ్రైవర్, 15 థౌ గ్యాపు చూసుకోవడానికి ఫీలర్ గేజి జతచేసి డిక్కీలో పెట్టుకోండి. అర్ధరాత్రి రోడ్డు మీద మాడ్యూల్ నిజంగానే పోతే, మిమ్మల్ని ఇంటికి చేర్చేవి అవే.