గండికోటకు రెండోసారి

మా ఇంటి ముందు నిలిపి ఉండే తెల్ల ఓమ్నీ వ్యానును చూసి, మొన్న ఉగాది నాడు మన సంఘ సభ్యులొకరు, "ఏం సార్, రిటైర్మెంటు కాకముందే స్కూలు ట్రిప్పులు మొదలుపెట్టారా?" అని అడిగారు. ఆయనకు అక్కడే చెబితే భోజనాలు చల్లారిపోతాయని నవ్వి ఊరుకున్నాను. ఆ జవాబే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మారుతి వ్యాను మన రోడ్ల మీదికి 1984లో వచ్చింది. తరువాత ఓమ్నీ అయింది. 2019లో తయారీ ఆగిపోయింది. మాది 2014 నాటిది, తోటి ఉద్యోగి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నది. ఇంజను 796 సి.సి. అది ముందు సీట్ల కిందే ఉంటుంది. ఈ చివరి ముక్క కాస్త గుర్తుంచుకోండి, పాల దగ్గర పనికొస్తుంది.

పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోయాక, శని, ఆదివారాల్లో ఇల్లు బోసిపోయేది. ఈ వ్యానులోనే ఒక మంచం వేసుకుని ఊళ్ళు తిరిగితే హోటల్ గదుల బెడద ఉండదు కదా అనిపించింది. బి.కామ్. చదివి, బ్యాంకులో అప్పులిచ్చి పదిమంది చేత కార్లు కొనిపించినవాణ్ణే గాని, మేకు సరిగ్గా కొట్టడం ఏనాడూ తెలియదు. అయినా వెనక సీటు బోల్టులు విప్పి అటకెక్కించాను. ప్లైవుడ్ మంచం, దాని కింద అరలు, కిటికీ పక్కన నా పుస్తకాలకు ఒక షెల్ఫు, చుట్టూ పచ్చటి లైట్ల దండ. ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకున్నారు. మా ఆవిడ మాత్రం, "బాగుందండీ" అని ఒక్క మాట అంది. ఆ మాటలోని అర్థం నాకు తరువాత తెలిసింది.

మొదటి ప్రయాణం గండికోటకు. ఆవిడ పుట్టిల్లు ప్రొద్దుటూరు. గండికోట అక్కడికి దగ్గరే అయినా చిన్నప్పుడు తీసుకెళ్ళినవాళ్ళు లేరు. లోయ మీద సూర్యోదయం చూడాలని పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉంది. ఫిబ్రవరి చివర ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలిపెట్టాం. (2017లో జి.ఎస్.టి. వచ్చాక అమ్మకపు పన్ను తనిఖీ పోయింది గాని, ఆ చోటు పేరు మాత్రం చెక్‌పోస్టే.) అక్కడి నుంచి గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు. రమారమి 280 కిలోమీటర్లు.

హైవే మీద లారీ పక్కనుంచి దాటినప్పుడల్లా బండి ఊయల ఊగింది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, కుర్చీలు, గ్యాసు పొయ్యి అన్నీ పైన క్యారియరు మీద కట్టాను మరి! అసలే సన్నగా పొడుగ్గా ఉండే బండి, నెత్తిన బరువు పెడితే ఊగక ఏం చేస్తుంది? కదిరిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, కాఫీ కలుపుకుందామని పాల డబ్బా తీస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి. డబ్బా డ్రైవరు సీటుకు ఆనించి పెట్టాను. సీటు కింద ఇంజను ఆ పాలను తోడు లేకుండానే పెరుగు చేయబోయింది.

గండికోట చూడనివారికి రెండు మాటలు. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయిన గండి అది. అందుకే ఆ పేరు. పేర్చిపెట్టినట్టున్న ఎర్రరాళ్ళ గోడలు రెండువైపులా, అడుగున నీళ్ళు. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో వెలిగిన కోట. తరువాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో అతణ్ణి ఇక్కడే కలుసుకున్నాడు. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఇవాళ్టికీ చూడవచ్చు.

ఆ సాయంత్రం బాగానే గడిచింది. కోట బయట నలుగురూ గుడారాలు వేసుకునే చోట బండి ఆపాం. దోమలని అద్దాలు ఎత్తేసి, బండి బ్యాటరీ మీద చిన్న ఫ్యాను పెట్టుకుని పడుకున్నాం. తెల్లవారుజామున నేను లేచి, "రా, వెళదాం" అన్నాను. ఆవిడ లేవలేదు. తల పగిలిపోతోంది, కళ్ళు తిరుగుతున్నాయి అంది. ఎండ దెబ్బ అనుకున్నాను. సూర్యోదయం నేనొక్కణ్ణే చూసి వచ్చాను. వచ్చి తాళం తిప్పితే బండి స్టార్టు కాలేదు. రాత్రంతా ఫ్యాను బ్యాటరీని పీల్చేసింది. గుడారాల కుర్రాళ్ళు నలుగురు తోస్తే, సెకండ్ గేరులో ఎలాగో అందుకుంది.

గోరంట్ల దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఆవిడ అక్కడి బాత్‌రూమ్‌కు వెళ్ళి వచ్చి, సీసాడు నీళ్ళు గటగటా తాగింది. "నిన్న బాగేపల్లి దాటాక నేను నీళ్ళు ముట్టలేదండీ" అంది. నాకు అర్థం కాలేదు. "రాత్రి చీకట్లో, ఈ మోకాళ్ళతో ఎక్కడికని పోయేది? అందుకే తాగలేదు. బస్సయినా రైలయినా నేనెప్పుడూ ఇంతే. మీకు తెలీదా?"

తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో తెలియదు. షెల్ఫులో పుస్తకాలు ఏ వరుసలో ఉండాలో ఆలోచించినవాణ్ణి, ఇది ఆలోచించలేదు. ఇంటికి వచ్చిన మూడోరోజు ఆవిడకు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అంది డాక్టరమ్మ. నీళ్ళు తాగకుండా, ఆపుకుంటూ ఉంటే ఇలాగే అవుతుందని, ఆవిడతో కాదు, నాతో చెప్పింది.

ఆవిడకు నయమయ్యాక బండిని మళ్ళీ మొదటి నుంచి విప్పాను. ఈసారి ముందుగా ఒక నోటుపుస్తకం ఆవిడ చేతిలో పెట్టి లోపాలు రాయమన్నాను. బ్యాంకులో ఆడిట్ రిపోర్టులు చాలా చూశాను, ఇంత సూటిగా రాసినది చూడలేదు. మొదటి పద్దు: "పుస్తకాల అర తీసేయాలి. ఆ చోటు నాకు కావాలి."

ఆ చోటులోకి మడత కమోడ్ కుర్చీ వచ్చింది. పెద్దవాళ్ళ కోసం వైద్య సామగ్రి దుకాణాల్లో అమ్ముతారే, మూత ఉన్న బకెట్టుతో, అదే. ఓమ్నీ వెనక తలుపు పైకి లేస్తుంది కనుక, లేచిన తలుపు నుంచి నేల దాకా మూడువైపులా దళసరి తెర వేలాడేట్టు ఆవిడే కుట్టింది. గాలికి లేవకుండా అడుగు అంచులో సన్నటి గొలుసు పెట్టి కుట్టింది. ఆ ఉపాయం నాకు తట్టేది కాదు. బకెట్టుకు మూత బిగించి, ఉదయం దారిలో టాయిలెట్టు దొరికినచోట ఖాళీ చేసి కడుక్కోవాలి. ఆ పని నాది.

సీటు తీసేయడమూ తప్పేనని అప్పుడే తెలిసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఎన్ని సీట్లో ఆర్.సి.లోనే ఉంటుంది కదా! అటక మీది సీటు దించి మళ్ళీ బిగించాను. దాని వీపు మడిచి, పైన ఊడదీయగలిగే చెక్క చట్రం వేయించాను. మా ఆచారి దాన్ని మూడు ముక్కలుగా, బండికి ఒక్క మేకైనా దిగకుండా చేశాడు. మంచం నాలుగంగుళాలు పైకి లేచింది. లేచి కూర్చుంటే నా తల కప్పుకు తగులుతుంది. దానికి మందు లేదు.

కరెంటు లెక్క కూడా నేర్చుకున్నాను. ఇరవై వాట్ల ఫ్యాను 12 వోల్టుల మీద గంటకు 1.7 ఆంపియర్ అవర్లు తింటుంది. ఎనిమిది గంటలకు పదమూడు పైచిలుకు. మా బండి బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, కాగితం మీద మిగులే. కాని స్టార్టరు బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వడానికి పుట్టింది, రాత్రంతా కొంచెం కొంచెంగా ఇవ్వడానికి కాదు. అందులో మినిమం బ్యాలెన్సు ముట్టుకోకూడదు. ఎస్పీ రోడ్డులో 40 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ విడిగా కొన్నాను. ఇంట్లో ఛార్జి చేసుకుంటే రెండు రాత్రులకు చాలు. నీళ్ళ క్యాను కిందికి, పాలు వెనక తలుపు దగ్గరికి మారాయి. పొయ్యి మాత్రం బయటే వెలిగిస్తాం. మూసిన బండిలో మంట పెడితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణాలే తీస్తుంది.

డిసెంబరులో మళ్ళీ బయలుదేరాం. బాగేపల్లి దాటాక ఆవిడ సీసా తీసి, నా వైపు ఒకసారి చూసి, సగం తాగింది. కదిరిలో కాఫీ కుదిరింది. రాత్రి చలికి అద్దాలన్నీ ఎత్తేస్తే మా ఊపిరికే లోపలంతా చెమ్మగిల్లి, దుప్పటి మీద చుక్కలు పడ్డాయి. మధ్యరాత్రి లేచి, ఎదురుబొదురు కిటికీలు రెండేసి అంగుళాలు తెరిచి దోమతెర అడ్డం పెట్టాను. ఆవిడ రెండుసార్లు లేచింది. టార్చి ఇవ్వబోతే వద్దంది.

తెల్లవారుజామున నాకంటే ముందే చెప్పులు వేసుకుని నిలబడింది. మోకాళ్ళ కోసం మెల్లగా, రాళ్ళ మీద చెయ్యి ఆనించుకుంటూ లోయ అంచుకు దూరంగానే ఒక బండమీద కూర్చున్నాం. వెలుగు ముందు అవతలి గోడ పైఅంచున పడి, మెల్లగా కిందికి దిగింది. అడుగున పెన్నా చిట్టచివర వెలిగింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా నాన్నను కూడా తీసుకొచ్చి ఉంటే బాగుండేది" అంది. మామగారు పోయి ఆరేళ్ళయింది.

బండి దగ్గరికి వచ్చి నోటుపుస్తకం తీసింది. రెండో ఆడిట్‌లో అయిదు పద్దులున్నాయి. అందులో నాలుగు చేయించాను. అయిదోది నా గురక గురించి.