పట్టని నట్టు

మా మేనమామగారి కారులో నీళ్ళు పోసే చోటు లేదు. పెట్రోలు బంకులలో పనివాళ్ళు నీళ్ళ డబ్బాతో వచ్చి, ముందు మూత ఎత్తించి చూచి, పెట్రోలు టాంకూ సామాను పెట్టుకొనే గుంటా తప్ప ఇంకేమీ కనిపించక తెల్లబోయేవారు. ఇంజను వెనుకవైపున ఉన్నది. దానిని చల్లబరచేది గాలి. ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన ఈ ఫోక్స్‌వాగన్ బీటిల్ జాతి కార్లు, 2003లో మెక్సికోలోని పుయెబ్లా కర్మాగారంలో చివరిది తయారయ్యేనాటికి, 2 కోట్ల 15 లక్షలకు పైగా లోకంమీదికి వచ్చినవి. అందులో 1966 నాటి దొకటి, స్వదేశానికి తిరిగిపోతున్న ఒక విదేశీయుని వద్దనుండి 1972లో ఢిల్లీలో మా మామయ్య చేతికి చేరినది. ఉద్యోగవిరమణ తరువాత ఆయన దానిని తానే నడుపుకొంటూ హైదరాబాదుకు తెచ్చుకొన్నాడు. చూపు మందగించిన తరువాత తాళంచెవి నాకు ఇచ్చినాడు. నేను హిందీనుండి తెలుగులోనికి పుస్తకాలు దించుకొని బ్రదికేవాడిని. స్పానరు పట్టడం నా వృత్తి కాదు.

ఈ కారులో ఒక ఇరుసు రెండు పనులు చేస్తుంది. దాని ఒక కొనమీద పుల్లీ, రెండవ కొనమీద పంకా, నడుమ విద్యుత్తు పుట్టించే యంత్రం. ఇంజను బెల్టు ద్వారా పుల్లీని త్రిప్పితే, ఇరుసు తిరిగి ఇటు బ్యాటరీకి విద్యుత్తు, అటు సిలిండర్లకు గాలి ఏకకాలంలో అందుతవి. బెల్టు తెగితే రెండూ ఆగిపోతవి. చోదకుని ఎదుట ఎర్రదీపం వెలుగుతుంది. మామయ్య నాకు నేర్పిన మొదటి పాఠం అదే. “ఎర్రదీపం వెలిగితే అడుగు ముందుకు వేయవద్దురా. ఎక్కడ ఉన్నావో అక్కడే ఆపు.” అందుచేత ఆ దీపం వెలగనంతసేపూ అంతా క్షేమమేనని నేను నమ్మినాను. నా తప్పు అక్కడనే మొదలైనది.

2017లో పాత 6 వోల్టుల డైనమోను తీసివేయించి, 12 వోల్టుల ఆల్టర్నేటరు పెట్టించినాను. రాత్రివేళ దారి కనబడుతున్నదని మామయ్య సంతోషించినాడు. 2019 మొదట్లో ఇంజనునుండి కీచుమనే రొద వినిపించసాగినది. బెల్టు వదులైనదనుకొన్నాను. ఈ కారులో బెల్టు బిగించే పద్ధతి విచిత్రమైనది. పుల్లీ రెండు చిప్పలుగా ఉంటుంది. ఆ చిప్పల నడుమ వాషర్లవంటి పలుచని రేకులు ఉంటవి, వాటిని షిమ్ములంటారు. వాటిలో ఒకటి తీస్తే చిప్పలు దగ్గరకు జరిగి, బెల్టు పైకి లేచి బిగుస్తుంది. బొటనవ్రేలితో నొక్కితే రమారమి 15 మిల్లీమీటర్లు లొంగితే చాలును. నేను 3 షిమ్ములు తీసినాను. కొలత సరిపోయినది. మిగిలిన మూడింటిని బిస్కట్ల డబ్బాలో దాచి, పొదుపరినని మురిసిపోయినాను.

పక్షం దినాలకు రొద మళ్ళీ వచ్చినది. ఈసారి పుల్లీని చేతితో పట్టి ఊపితే అది ఇరుసుమీద కొద్దిగా కదులుతున్నది. నట్టు మాత్రం రాయివలె బిగుతుగా ఉన్నది. ఆశ్చర్యపడి ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసికొనిపోయినాను. ఆయన లోపలి చిప్ప గాడిలో స్క్రూడ్రైవరు దూర్చి, పుల్లీ తిరుగకుండా నిలిపి, నట్టు ఊడదీసి, ఇరుసులోని గంటునుండి అర్ధచంద్రంవంటి చిన్న ఉక్కుబిళ్ళను నా అరచేతిలో వేసి, “చాబీ ఘిస్ గయీ సాబ్” అన్నాడు. చాబీ అనగా తాళంచెవి అని నేను నలభై ఏండ్లుగా వ్రాస్తున్నాను. పుల్లీనీ ఇరుసునూ ఒకటిగా కట్టి ఉంచే బిళ్ళకూ అదే పేరని ఆ పూట తెలిసినది. బిళ్ళ ఒక ప్రక్క అరిగి వాలిపోయినది. “మిగిలిన షిమ్ములేవి?” అని అడిగినాడు. ఇంట్లో ఉన్నవన్నాను. ఆయన నవ్వలేదు. నడుమనుండి తీసిన రేకులను పారవేయరాదట; బయటి చిప్పకూ నట్టుకూ మధ్య వేయవలెనట. లేకపోతే నట్టు చిప్పలను అదిమిపట్టకముందే మర చివరకు పోయి ఆగిపోతుంది. త్రిప్పే చేతికి అది బిగుతుగానే తోస్తుంది; కాని పట్టి ఉంచేది ఏమీ లేదు.

హిందీ వాక్యంలోని ‘తో’, ‘హీ’లను తెలుగులో చోటులేని అదనపు ముక్కలని తలచి నేను ఎన్ని పుటలలో జారవిడిచినానో ఆ క్షణంలో తలపునకు వచ్చినది. సరే, అది వేరే కథ.

కొత్త బిళ్ళ, కొత్త నట్టు, డబ్బాలోని 3 షిమ్ములు వాటి వాటి తావులలోనికి చేరినవి. కీచుధ్వని పోయినది. కాని ఇంజను నెమ్మదిగా తిరిగే వేళ, వెనుకనెక్కడో గిన్నెలో గోళీకాయ కదిలినట్లు ఒక సన్నని చప్పుడు ఉండేది. పుల్లీ బిగిసినది కదా, దీపం వెలగడం లేదు కదా అని దానిని పట్టించుకోలేదు. పట్టించుకొంటే ప్రయాణం ఆగిపోతుందని లోలోపల భయమూ ఉన్నది. మామయ్యకు అప్పటికి 84 ఏండ్లు. తన కారులో ఒక్కసారి శ్రీశైలం పోయిరావలెనని ఆయన కోరిక.

ఆ మే నెలలో తెల్లవారకముందే బయలుదేరినాము. మన్ననూరు దాటి, నల్లమల ఘాటు ఎక్కుతున్నప్పుడు ఆ చప్పుడు హెచ్చినది. నేను దీపంవైపు చూచినాను. అది నల్లగా, నెమ్మదిగా ఉన్నది. ఇంకొక మలుపు, ఇంకొక మలుపు అనుకొంటూ పోయినాను. కునుకుతున్న మామయ్య ఉన్నట్టుండి లేచి, “నూనె కాగుతున్న వాసన. ఆపురా!” అన్నాడు.

ఆపినాను. బెల్టు సరిగా ఉన్నది, పుల్లీ కదలలేదు. మామయ్య కర్ర ఊతగా నిలబడి, ఇంజను చల్లారనిచ్చి, గాలిగూడు వెనుకనున్న రంధ్రంలో చేయిపెట్టి పంకాను తాకి చూడమన్నాడు. ఇంజను ఆగి ఉన్నప్పుడు మాత్రమే చేయదగిన పని అది. పుల్లీని ఎడమచేత నిలిపి, కుడిచేత పంకాను కదిపితే అది తనంత తాను ఇటూ అటూ ఊగినది. ఇరుసు తిరుగుతున్నది, విద్యుత్తు పుడుతున్నది, అందుచేత దీపం వెలగలేదు. పంకా మాత్రం ఇరుసుతోపాటు తిరగడం మానివేసినది. విద్యుత్తు సంగతి తప్ప గాలి సంగతి ఆ దీపానికి తెలియదు.

ఆ పంకా నట్టును దారిప్రక్కన బిగించడం సాధ్యం కాదు. కార్బురేటరును తప్పించి, పంకా మూత మరలు నాలుగూ విప్పి, ఆల్టర్నేటరును పంకాతో సహా బయటికి లాగవలె. నేను సిగ్గుతో తల వంచుకొని నిలబడితే, మామయ్య చెట్టునీడన కూర్చుండి మంచినీళ్ళు త్రాగినాడు. కారు లారీమీద హైదరాబాదుకు పోయినది. మేము ఆర్టీసీ బస్సులో శ్రీశైలం పోయినాము. దర్శనం బాగా అయినదని ఆయన అన్నాడు. కారు మాట ఎత్తలేదు.

విప్పి చూస్తే తెలిసిన దిది: ఆల్టర్నేటరు మార్చిననాడు పాత పంకా గుబ్బనే క్రొత్త ఇరుసుకు తొడిగి, నడుమ ఉండవలసిన దళసరి వాషరును వేయలేదు. నట్టు ఇక్కడ కూడ మర చివర ఆగిపోయినది. రెండేండ్లపాటు పంకాను త్రిప్పినది ఆ చిన్న అర్ధచంద్రపు బిళ్ళ ఒక్కటే. ఘాటులో అదీ తెగిపోయినది. ఇవతలి కొనలో నేను చేసినదీ, అవతలి కొనలో పనివాడు చేసినదీ ఒకే పొరపాటు. మూడవ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు కాలిపోయినది. ఆ కాలపు ఇంజన్లలో నూనెను చల్లార్చే పరికరం గాలిగూటిలోనే నిలిచి ఆ సిలిండరుకు పోయే గాలిని కొంత అడ్డుకొంటుంది గనుక, వేడికి ముందుగా లొంగేది అదే. మొదటి మలుపులోనే ఆపి ఉంటే బహుశా దక్కేది.

తెగిన బిళ్ళను మామయ్య అరచేతిలో పెట్టి, బిస్కట్ల డబ్బా కథతో సహా అన్నీ చెప్పినాను. ఆయన దానిని వ్రేళ్ళతో తడిమి చూచి, “చప్పుడు ఎప్పటినుండి?” అని మాత్రం అడిగినాడు. ఫిబ్రవరినుండి అన్నాను. మరి మాటాడలేదు.

ఇంజను మళ్ళీ కూర్చేటప్పటికి అక్టోబరు వచ్చినది. అప్పటికి ఆయన మేడ దిగలేని స్థితిలో ఉన్నాడు. వాకిట్లో కారును మొదలుపెట్టి, నెమ్మదిగా తిరగనిచ్చి పైకి చూచినాను. కిటికీవద్ద కూర్చున్న మామయ్య చేయి ఎత్తి, ఇంకొంచెం వేగం పెంచమని సైగ చేసినాడు. పెంచినాను. చాలసేపు విని, చేయి దించినాడు.