తాడు కట్టే చోటు

ఈ పూట తీరిగ్గా ఉన్నారా? అయితే కూర్చోండి, గాలి గంటల కబుర్లు చెప్పుకుందాం. బజార్లో కొనేవి కాదు, ఇంట్లో మూలన పడున్న సామానుతో మనమే కట్టుకునేవి.

మనకిది కొత్తేం కాదు. గుడి ధ్వజస్తంభం మీది చిరుగంటలను మోగించేది గాలే కదా. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి దారి పట్టండి. ఆకు రాలిన దిరిసెన చెట్టు కింద నిలబడితే చాలు, ఎండుకాయల్లో గింజలు ఒకటే గలగల!

అడవి అంచు చేలల్లో ఇంకో రకం చూస్తాం. రెండు ఖాళీ బీరు సీసాలను మెడకు తాడేసి పక్కపక్కనే వేలాడదీస్తారు. మధ్యలో తుప్పుపట్టిన నట్టో, చిన్న రాయో. గాలి వీచినప్పుడల్లా టంగు టంగుమంటుంది. మొక్కజొన్న కంకి పాలు పట్టే రోజుల్లో పందులకూ పిట్టలకూ అదే బెదురు. రాత్రంతా మంచె మీద మేలుకోలేని రైతుకు కాస్త కునుకు దొరికేది ఆ చప్పుడు మీద భరోసాతోనే. నన్నడిగితే ఈ ప్రాంతపు అసలైన గాలి గంటలు అవే. అందం కోసం కట్టినవి కాకపోయినా, చేతికందిన వస్తువుతో చేసిన ఆ పనితనమంటే నాకు గౌరవం.

ఇంటికి కట్టుకోవాలంటే ఏముంది, పాత తాళంచెవులు, స్టీలు చెంచాలు, సైకిలు బెల్లు మూతలు, కరెంటు పనిలో మిగిలిన ఇనప గొట్టాలు. ఖమ్మంలో గ్రానైటు కోసే చోట మిగిలిన సన్నని చీలిక కూడా, పగులు లేకపోతే కంగున మోగుతుంది. చాలామంది గొట్టానికి చివరన చిల్లు పెట్టి తాడు కడతారు. అప్పుడు మోత పొట్టిగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. దెబ్బ తగిలిన గొట్టం విల్లులా వంగి అదురుతుంది కదా, ఆ అదురులో కదలని చోట్లు రెండుంటాయి. ఒక్కో చివర నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర. అంటే 18 అంగుళాల గొట్టానికి పై నుంచి 4 అంగుళాలు. అక్కడ కడితే తాడు అదురును తినేయదు, మోత సాగుతుంది. కొట్టే కొయ్యబిళ్ళ మాత్రం గొట్టం నడిమికి తగలాలి. తాడుకు చేపల వలల నైలాన్ దారాన్ని మించింది లేదు, వానకు కుళ్ళదు.

పొడవు మారితే స్వరం మారుతుంది. అదే గొట్టం పొడవును సగం చేస్తే ఒక స్థాయి కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది. ఒక్క స్థాయే కావాలంటే 18 అంగుళాలది పన్నెండు ముప్పావు దగ్గర కోయాలి. మొదట కాస్త పొడుగ్గా కోసి, ఆకురాయితో రాస్తూ, చెవితో చూసుకుంటూ తగ్గించండి. పొట్టిదైపోతే మళ్ళీ అతికించలేం.

వెదురంటారా? అది టక్కుమని ఆగుతుంది, మోత సాగదు. నాకు ఇనుము కన్నా అదే ఇష్టం, పగలంతా విన్నా విసుగనిపించదు. మన అడవిలో ఎక్కువగా కనిపించే సన్న వెదురు లోపల దాదాపు గట్టిగా ఉంటుంది. గుల్లగా, లావుగా ఉన్న బొంగు చూసుకోండి. అడవిలోకి వెళ్ళి నరకక్కర్లేదు, బుట్టలల్లే మేదరివాళ్ళను అడిగి రెండు ముక్కలు కొనుక్కుంటే వాళ్ళకూ నాలుగు రూపాయలు. పచ్చి బొంగును కొన్ని వారాలు నీళ్ళలో నానేసి నీడన ఆరబెట్టాలి. పిండి పదార్థం నీళ్ళలోకి పోతే పురుగు తక్కువ పడుతుంది.

జపాన్‌లో వేసవి రాగానే చూరుకు ఫూరిన్ అనే చిన్న గాజుగంట కడతారు. ఆ సవ్వడికి ఒళ్ళు చల్లబడ్డట్టుంటుందని వాళ్ళ నమ్మకం. కొత్తగూడెం, భద్రాచలం మే నెల ఎండలెరిగిన మనకు అంతకన్నా అవసరమైన వస్తువేముంది!

గోదారి గాలి తగిలే వరండాలో కట్టండి, ఫ్యాను కింద వద్దు. గాలిదుమారం లేచేలా ఉంటే గాజు సామాను లోపల పెట్టండి. పక్కింట్లో పసిపిల్లలుంటే రాత్రిపూట కొయ్యబిళ్ళను పైకి ముడేస్తే సరి.