మూడు సెకన్ల నాన్నగారు

ఐఫోనులో 2015 నుంచి లైవ్ ఫొటో అని ఒకటుంది. బొత్తం నొక్కడానికి ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను శబ్దంతో సహా పట్టి ఉంచుతుంది. ఫొటో మీద వేలు అదిమితే కదులుతుంది, పలుకుతుంది. మన పిల్లలకిది కొత్త కాదనుకోండి.

2019 వేసవిలో మా నాన్నగారు డాలస్ వచ్చినప్పుడు ఇలాంటివి పదకొండు తీశాం. ఆయన పోయాక చూసుకుంటే, ఫొటోలో బిగుసుకుని నిలబడ్డ మనిషి అంతకు ముందరి సెకనులో "పాపేదిరా, పిలువు" అంటున్నారు. తెనాలిలో ఉన్న అమ్మకి పంపితే, ఆవిడ ఆండ్రాయిడ్ ఫోనుకి కదలని బొమ్మే చేరింది. "మీ నాన్నగారు ఫొటోకి ఏనాడు నవ్వారు గనక!" అంది.

ఉపాయం చిన్నదే. పదకొండూ ఎంచుకుని, మూడు చుక్కల మెనూలో "సేవ్ యాజ్ వీడియో" నొక్కాను. అన్నీ వరసగా కలిసి అర నిమిషం వీడియో అయింది. అసలు ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వీడియో గనక ఏ ఫోనులోనైనా ఆడుతుంది.

అమ్మ ఆ రోజు జవాబివ్వలేదు. మర్నాడు ఫోన్ చేసి, "నాలుగోదాంట్లో ఏదో అంటున్నార్రా, సరిగ్గా వినపడ్డంలేదు, విని చెప్పు" అంది.

విన్నాను. కాఫీలో పంచదార తగ్గించావేమ్మా అని మా ఆవిడని అడుగుతున్నారు.