ఉప్పునీట తమలపాకు

కోల్‌కతా తూర్పు అంచున ఉన్న న్యూ టౌన్ పాతికేళ్ళ క్రిందట రాజార్‌హాట్ పల్లెల పొలాలు, చేపల చెరువులు. వాటిని పూడ్చి మేడలు లేపారు. అదే రాష్ట్రంలో, హుగ్లీ నది సముద్రాన్ని చేరేచోట, ఘోడామారా దీవిలో నేలే నీరవుతున్నది.

కాక్‌ద్వీప్ వైపునుండి పడవ ఎక్కితే తప్ప ఆ దీవికి దారి లేదు. అర్ధశతాబ్దంలో దాదాపు సగం భూమి ఏటిపాలయింది. పొరుగున ఉన్న లోహాచరా అంతకుముందే మునిగిపోయింది.

దీవివాసులకు ముఖ్యాధారం తమలపాకు. మన కృష్ణా, గుంటూరు సీమల్లో తమలపాకు తీగ అవిసె చెట్టును పట్టుకొని ప్రాకుతుంది. బెంగాలులో వెదురుతో, జనుపకట్టెలతో చుట్టూ దడి, పైన పందిరి కట్టి, ఆ నీడలో తీగను పసిబిడ్డలా సాకుతారు. గాలికి పందిరి లేచిపోతే మళ్ళీ కట్టుకోవచ్చు. ఉప్పు తగిలిన తీగ బ్రతకదు. 2021 మే 26న యాస్ తుపానుకు దీవి యావత్తూ ఉప్పునీట మునిగింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ రైతుకు ఆ తరువాతి కథ చెప్పనక్కరలేదు.

కొన్ని కుటుంబాలకు ప్రభుత్వం సాగర్ దీవిలో చోటు చూపింది. చాలామంది మగవారు కేరళకో, చెన్నైకో కట్టుబడి కూలికి పోతున్నారు. పొలం అమ్ముకొని వెళ్ళే దారి లేదు: ఏటిలో కలిసిన ఎకరానికి దస్తావేజు ఉన్నా కొనేదెవరు? ఇంటివద్ద మిగిలిన ఆడవారు, వృద్ధులు గట్టుకు మరికొంత దూరంగా జరిగి మళ్ళీ వెదుళ్ళు పాతుతున్నారు. ఆకు కోతకు రావాలంటే నెలలు పట్టాలి. ఆలోగా వర్షాకాలం వస్తుంది.