పండ్ల చక్రం

పోయిన ఎండాకాలం ఎల్లారెడ్డి దగ్గరి మా ఊరికి వెళ్ళేసరికి మా అన్న కొడుకు మెటల్ డిటెక్టర్ పట్టుకుని చేలో తిరుగుతున్నాడు. పాత గానుగ దిబ్బ కింద లంకెబిందెలున్నాయని చిన్నప్పటి నుంచీ విన్నాడు మరి! "దొరికితే కలెక్టరుకు చెప్పాల్రా. 1878 నాటి చట్టముంది, పది రూపాయల విలువ దాటితే చాలు" అని బెదిరించాను. ఆ అవసరం రాలేదు. రెండు రోజుల్లో దొరికినవన్నీ ఇనుప ముక్కలే.

వాడు వాటిని పాత సామాన్లవాడికి వేసేద్దామన్నాడు. నేను ఆపాను. చిరిగిన ప్రతులు చదవడం నా వృత్తి. కిరోసిన్లో నానబెట్టి తుప్పు గీకాం. కమ్మరి కొట్టిన ఇనుము వంగుతుంది, దాని మీద సుత్తి దెబ్బలు కనిపిస్తాయి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. విరిగినచోట బూడిదరంగు పలుకులుంటాయి. నాగలి కర్రు, గుంటుక పాస కమ్మరివేనని సులువుగానే తెలిసింది. పోత ఇనుమువి రెండే. దిబ్బ మీద దొరికిన పండ్ల చక్రం ఒకటి, దూరంగా గట్టు కింద దొరికిన వంపు పలక ఒకటి. చక్రం ఆయిల్ ఇంజనుదని వాడు, ట్రాక్టరుదని మా అన్న వాదులాడుకున్నారు.

పెద్దమ్మ వచ్చి చక్రాన్ని తడిమింది. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు.

"ఇంజన్ది కాదు బిడ్డా. చెరుకు గానుగది."

నిలువుగా మూడు ఇనుప రోలర్లు, పైన పొడుగాటి దూలం. దూలానికి కట్టిన ఎడ్లు చుట్టూ తిరుగుతుంటే నడిమి రోలరు తిరుగుతుంది. దాని మీది పండ్ల చక్రం పక్క రెండింటినీ తిప్పుతుంది. దూలం నెత్తి మీదుగా పోతుంటే తల వంచుకుని చెరుకులు అందించే మనిషి ఒకరు కావాలి. మా ఇంట్లో ఆ మనిషి పెద్దమ్మ. ఎడ్లకు ఎండ తగలకూడదని రాత్రిళ్ళు ఆడించేవాళ్ళు. బెల్లం కామారెడ్డి మార్కెట్‌కు పోయేది. బండి తోలుకెళ్ళిందీ, పైసలు లెక్కపెట్టుకుందీ పెదనాన్నే.

ఒక రాత్రి ఆమె కునికిందనీ, వేళ్ళు పోయాయనీ మా ఇంట్లో అందరం చెప్పుకునే కథ. నేనూ చెప్పాను.

పెద్దమ్మ పలక ముక్కను తిప్పి చూసింది. "ఇది పండ్ల మీది మూత. అంతకు ముందేడే పలిగింది. గట్టు మీద పారేసిన్రు. కొత్తది తెమ్మంటె బెల్లం అమ్మినంక సూద్దామన్నరు. నేను నిద్రపోలే. పండ్లల్ల పిప్పి ఇరికితె తియ్యవోయిన."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎవ్వలడిగిన్రు?"

నా పిహెచ్.డి. స్త్రీల శ్రమగీతాల మీద. ఈ పెద్దమ్మ దగ్గరే ఎన్నో సాయంత్రాలు కూర్చుని పాటలు రికార్డు చేసుకున్నాను. ఆ పాటల లయ మీద ఒక అధ్యాయమే రాశాను. గానుగ మాత్రం అధోజ్ఞాపికలో ఒక వాక్యమైంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను గౌరవంగా ఉదహరించాను కూడా. ఆడవాళ్ళను అడగాలని, వాళ్ళు చెప్పేది వినాలని నేర్పిన పుస్తకమది. పాట పాడుతున్న గొంతు విన్నాను గానీ, నా ఎదుటే ఉన్న చెయ్యి గురించి అడగలేదు.

మూత గట్టు కింద దొరకడం గట్టి రుజువు కాదని ఎవరైనా అనొచ్చు. ఆమె మాట నమ్మడానికి నాకు ఒక ఇనుప ముక్క సాక్ష్యం కావలసి వచ్చింది. నా బాధ అది. మా అన్న ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు.

చక్రాన్ని హైదరాబాద్ తెచ్చుకుని దాచుకుంటానన్నాను. పెద్దమ్మ నవ్వింది.

"నీకెందుకే అది? అమ్మి పైసలు నాకియ్యి."

ఫోటోలు తీసుకుని, రెండింటినీ కామారెడ్డిలో తూకం వేయించి డబ్బు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఉన్న వేళ్ళతోనే మూడుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.